వెండితెరపై నరయంత్ర సంయోగము

ఒకని తలలోని జ్ఞాపకములను తీసి మరియొకని తలలోనికి ఎక్కింపవచ్చునా? 2019లో పూరి జగన్నాథ్ తీసిన ‘ఇస్మార్ట్ శంకర్’ చూచి వచ్చినవారు అడుగు ప్రశ్న ఇది. హత్యకు గురియైన పోలీసు అధికారి జ్ఞాపకములు హైదరాబాదు కిరాయి హంతకుని మెదడులోనికి చేరగా, ఒకే తలలో ఇద్దరు మనుషులు కాపురము చేయవలసివచ్చుట ఆ కథకు ప్రాణము. హాలులో ఉన్నంతసేపు ఈలలకే తీరిక చాలదు గనుక ప్రశ్నలు ఇల్లు చేరిన తరువాతనే పుట్టును. ఈ చిన్న ప్రశ్న వెనుక మరియొక పెద్ద ప్రశ్న దాగియున్నది: మనిషి దేహములోనికి యంత్రము ప్రవేశించి రక్తమాంసములతో కలిసి పనిచేయసాగినప్పుడు, ఆ మనిషి ఎంతవరకు తానుగా మిగులును? దాదాపు నూరేండ్లుగా సినిమా ఈ ప్రశ్నను వదలక పట్టుకొనియున్నది. అది చెప్పిన సమాధానములలో కొన్ని వట్టి కల్పనలు. కొన్ని మాత్రము ప్రయోగశాలలకంటె ముందుగా తెరమీద కనబడిన సత్యములు. ఏవి ఏవో విడదీసి చూచుట ఈ అధ్యాయపు పని.

ముందుగా ఒక పొలిమేర గీయవలెను. దర్శకుడు శంకర్ 2010లో తీసిన ‘రోబో’లోని చిట్టి అను పాత్ర మనిషి వేషము ధరించిన యంత్రము, 1984 నాటి ‘టెర్మినేటర్’లోని హంతకునికి పైన మాంసపు తొడుగున్నను లోపల అంతయు ఉక్కే. ఇటువంటి కథలలో మనిషి ఒకవైపును యంత్రము మరియొకవైపును నిలిచి పోరాడుటయే గాని సంయోగము లేదు. ఇక్కడ మనకు కావలసినవాడు పుట్టుకతో మనిషియైయుండి, ప్రమాదమువలననో రోగమువలననో పరుల దురాశవలననో యంత్రభాగమును దేహములో మోయవలసివచ్చినవాడు. మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ అను ఇద్దరు 1960లో అంతరిక్షయాత్రనుగూర్చి వ్రాసిన వ్యాసములో ఇట్టివానికి సైబోర్గ్ అని పేరుపెట్టిరి. మనము యంత్రదేహి అనుకొందము. ఆ వ్యాసములో బొమ్మతోసహా చూపబడిన తొలి యంత్రదేహి వీరుడును కాడు, శూరుడును కాడు, 220 గ్రాముల ఎలుక. దాని తోలు క్రింద అమర్చిన చిన్న పంపు, ఎలుక ప్రమేయము లేకుండగనే, మందును నెమ్మదిగా శరీరములోనికి వదలుచుండెడిది.

కోరిక మాత్రము ఇంతకంటె ఎంతో పాతది. యుద్ధమున కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలు అమర్చిరని ఋగ్వేదము చెప్పుచున్నది. దీనిని బట్టి వైదికకాలమున కృత్రిమాంగముల కర్మాగారము లుండెనని వాదింపబూనువారితో మనకు పనిలేదు. పోయిన అంగమునకు బదులు మరియొకటి అమర్చుకొనవలెనను ఆశ కవుల మనస్సులో ఎంతకాలముగా మెదలుచున్నదో తెలిసినచో చాలును. ఆ ఆశ దేహము లోపలికి, గుండెవరకు చేరినది 1958 అక్టోబరు 8న. స్వీడను దేశములో ఆర్నె లార్సన్ అను రోగి గుండె మాటిమాటికి ఆగిపోవుచుండగా, రూనె ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు చేసియిచ్చిన విద్యుత్ పరికరమును ఓకె సెనింగ్ అను శస్త్రవైద్యుడు ఆయన దేహములో అమర్చెను. దానిని పోతపోయుటకు వేరే అచ్చు దొరకక, ఎల్మ్‌క్విస్ట్ బూట్ల పాలిషు డబ్బాను అచ్చుగా వాడుకొనెను. ఆ తొలి పరికరము కొన్ని గంటలే పనిచేసినది. లార్సన్ మాత్రము ఒకటి తరువాత ఒకటిగా 26 పేస్‌మేకర్లను అరగదీసి, తనను బ్రతికించిన వైద్యుడును ఇంజనీరును పోయిన తరువాత కూడ జీవించి, 86వ ఏట 2001లో కన్నుమూసెను. ఆ మరణమునకు కారణము గుండె కాదు. మన ఊళ్లలో పేస్‌మేకరు పెట్టించుకొని మనుమలతో సంతకు పోవు తాతలెందరో గలరు. వారిని చూచి ఎవరును భయపడరు. సినిమాలో యంత్రదేహి అనగానే భయమెందుకు పుట్టుచున్నదో చూడవలెను.

నిమిషములో కుదిరిన చేయి, నెలలు పట్టిన కాలు

ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీయగా 1927లో విడుదలయైన ‘మెట్రోపొలిస్’ అను మూకీ చిత్రములో రోట్వాంగ్ అను శాస్త్రజ్ఞుడు కలడు. యంత్రస్త్రీని నిర్మించు ప్రయత్నములో ఆతడు ఒక చేతిని పోగొట్టుకొని, నల్లని తొడుగు క్రింద లోహపు చేతిని ధరించి తిరుగుచుండును. పోయినదానికి విచారపడక, అంతటి సృష్టికి అది తగిన మూల్యమేనని గర్వించును. ప్రేక్షకుల కండ్లు సహజముగా తళతళలాడు యంత్రస్త్రీపైననే నిలుచును గాని, ఆ చిత్రములో నిజమైన యంత్రదేహి ఆ తొడుగు తొడిగినవాడే. ఆ చేయి ఎట్లు కుదిరినదో, దానితో కలము పట్టుటకు ఎన్ని నెలలు పట్టినదో చిత్రము చెప్పదు. ఈ చెప్పకపోవుట తరువాతివారికి ఆచారమైపోయినది. 1980 నాటి ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ చివర, తండ్రి కత్తివేటుకు చేయి తెగిన ల్యూక్‌కు కృత్రిమహస్తము అమర్తురు. మణికట్టు దగ్గర తెరచియున్న మూతలోనుండి సన్నని కడ్డీలు కదలుచుండగా, మరమనిషియైన వైద్యుడు సూదితో వ్రేళ్లను పొడుచును, వ్రేళ్లు చురుక్కున ముడుచుకొనును, మూత పడును. చికిత్స అంతటితో సరి.

ఆ దృశ్యము ఇంజనీర్ల మనస్సులలో నిలిచిపోయినది. అమెరికా రక్షణశాఖ సొమ్ముతో డీన్ కేమెన్ బృందము రూపొందించి, 2014లో ఆ దేశప్రభుత్వ అనుమతి పొందిన కృత్రిమబాహువునకు ల్యూక్ పేరే పెట్టుకొనిరి. మిగిలిన కండరములు బిగిసినప్పుడు పుట్టు అతిస్వల్ప విద్యుత్తును పట్టుకొని అది వ్రేళ్లను ముడుచును, విప్పును. అయితే ఏ కండరమును ఎంత బిగించినచో గ్రుడ్డు పగులకుండ చేతిలో నిలుచునో ధరించినవారు నేర్చుకొనవలసినదే. సూదిపోటు తెలియుట మరింత కష్టము. 2016లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో, చేతులు చచ్చుబడిన ఒక యువకుని మెదడులో స్పర్శను గ్రహించు భాగమున సన్నని విద్యుత్ తీగలు నాటి, వాటిని ఒక మరచేతికి కలిపిరి. కండ్లకు గంతలు కట్టి మరచేతి వ్రేళ్లను ఒక్కొక్కటిగా తాకగా, ఏ వ్రేలిని తాకినదియు నూటికి 84 సార్లు ఆతడు సరిగా చెప్పగలిగెను. ల్యూక్ ముఖము చిట్లించిన 36 సంవత్సరములకు శాస్త్రము చేరినది ఇంతదూరము.

తెలుగు ప్రేక్షకుడు ఈ విషయమును తెలిసికొనుటకు హాలీవుడ్ దాక పోనక్కరలేదు. 1985లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున, రామోజీరావు నిర్మాతగా వచ్చిన ‘మయూరి’ని ఎవరును వైజ్ఞానిక చిత్రమని అనరు, అందులో మెరుపులు చిమ్ము ప్రయోగశాలలు లేవు, భవిష్యత్తునుండి దిగివచ్చినవారు లేరు. ఐనను, మనిషియు పరికరమును ఒకటియగు విధానమును అంత నిజాయితీతో చూపిన చిత్రము మరియొకటి నేనెరుగను. నర్తకి సుధాచంద్రన్ 1981లో తమిళనాడులో జరిగిన బస్సుప్రమాదమువలన కుడికాలిని మోకాలి దిగువన పోగొట్టుకొని, జైపూరు కాలు ధరించి తిరిగి భరతనాట్యము నేర్చి, తన కథలో తానే నటించెను. అందువలన మనము తెరమీద చూచు అతుకు నటన కాదు. ఆ కాలు నిజమైన కృత్రిమపాదము, ఆ తడబాటు ఆమె ఒకప్పుడు నిజముగా పడిన తడబాటు.

జైపూరు కాలు ఎట్టిదో ఒకసారి దగ్గరగా చూడవలెను. జైపూరులో రామచంద్రశర్మ అను శిల్పియు, పి. కె. సేథీ అను ఎముకల వైద్యుడును కలిసి 1960లలో దానిని రూపొందించిరి. అంతకుముందు విదేశములనుండి వచ్చిన పాదములు బూటులో దాగియుండవలసినవి. లోపలి కొయ్య వంగదు గనుక వాటితో గొంతుకూర్చుండుటకు గాని, పొలములో నడచుటకు గాని, చెప్పులు విడిచి గుడిలో అడుగుపెట్టుటకు గాని వీలులేదు. శర్మ చీలమండ స్థానమున కొయ్యదిమ్మను, మడమకును ముందుపాదమునకును మెత్తని రబ్బరును పెట్టి, చుట్టును టైర్లకు వాడు రబ్బరు తొడిగి, అచ్చులో కాల్చి, వ్రేళ్లు గోళ్లుతోసహా చామనచాయ పాదమును తీసెను. అది అన్నివైపులకు కొంచెము కొంచెముగా వంగును. దానిలో మోటారు లేదు, తీగలేదు, గణనయంత్రము లేదు. దాని గొప్పతనమంతయు మనవారు కూర్చుండు తీరును, నడచు నేలను తెలిసికొని చేయబడుటలో నున్నది.

ఇక నర్తకి కష్టమును తలచుకొనుడు. తట్టడవు వేయునప్పుడు అరికాలు నేలను చరచును. ఆ దెబ్బ ఎంత బలముగా పడినదో, నేల నునుపో గరుకో, మనకు అరికాలే చెప్పును. రబ్బరు అరికాలు ఏమియు చెప్పదు. దెబ్బ కొయ్యదిమ్మ గుండ, పిక్కస్థానమున ఉన్న గొట్టము గుండ ప్రయాణించి, మిగిలిన మొండికాలిమీది చర్మమును ఒత్తును. అరికాలు చెప్పవలసిన కబురంతయు ఇక ఆ చర్మము, ఆపైన మోకాలు, తొడ కలిసి చెప్పవలెను. మొదట ఆ చర్మము ఒరిసి నెత్తురు కారును. కొన్ని నెలల సాధన తరువాత, ఆ ఒత్తిడిని ఒత్తిడిగా గాక నేలగా తెలిసికొనుట మెదడు నేర్చును.

ఎట్లు నేర్చును? మెదడులో మన దేహమునకు ఒక పటము కలదు. చేయి ఎక్కడ నున్నది, మోకాలు ఎంత వంగినది అను లెక్క అందులో క్షణక్షణము మారుచుండును. ఆ పటమునకు చర్మము ఎల్లగాదని హెన్రీ హెడ్, గోర్డన్ హోమ్స్ అను ఆంగ్ల వైద్యులు 1911లోనే గమనించిరి. ఆనాటి దొరసానులు టోపీలలో పొడవైన ఈకలు ధరించెడివారు. దేహపటము ఆ ఈక కొనవరకు వ్యాపింపగలదని ఆ వైద్యులు చెప్పిరి. 1998లో బాట్వినిక్, కోహెన్ అను ఇద్దరు చేసిన ప్రయోగము ఇంకను విచిత్రము. మనిషి చేతిని తెరచాటున నుంచి, ఆతని కండ్లయెదుట రబ్బరు చేతిని పెట్టి, రెంటిని ఒకే సమయమున కుంచెతో నిమిరినచో, కొంతసేపటికి ఆ స్పర్శ రబ్బరు చేతిమీదనే తెలియుచున్నట్లు ఆతనికి తోచును. రెండు కుంచెలు వేరువేరు సమయములలో కదలినచో ఆ భ్రాంతి చాలవరకు పోవును. ఇందులోని కీలకము సమయపాలన. తాను చూచినదియు తనకు తాకినదియు వేళ తప్పక కలిసినచో మెదడు ఆ వస్తువును తనదిగా స్వీకరించును. అది ఎముకయా, రబ్బరా, ఉక్కా యని కులగోత్రములు విచారింపదు. యంత్రము మనిషిని ఆక్రమించునని సినిమా భయపెట్టినంతకాలము, నిజమునకు మెదడే నోరుమెదపక యంత్రములను ఆక్రమించుచున్నది.

నత్తగుల్లలో హార్మోనియము

2019లో డేరియస్ మార్డర్ తీసిన ‘సౌండ్ ఆఫ్ మెటల్’ చిత్రమునకు 2021లో శబ్దవిభాగమున ఆస్కారు బహుమానము వచ్చినది. రిజ్ అహ్మద్ నటించిన రూబెన్ అను డ్రమ్ములవాడు కొద్దిదినములలో చెవిటివాడగును. ఉన్న వాద్యములను, నివాసమైన బండిని అమ్మి, చెవులలో కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టించుకొనును. పరికరమును మొదటిసారి పనిచేయించిన గదిలో వైద్యసహాయకురాలి మాట ఆతనికి మాటగా వినబడదు. రేకును గీకినట్లు కీచుమని, గరగరలాడుచు వచ్చును. ప్రేక్షకుడు కూడ ఆ సమయమున రూబెన్ చెవులతోనే వినును. తరువాత ప్రియురాలు తండ్రితో కలిసి పాడినప్పుడు, ఆ పాట ముక్కలుముక్కలై, శ్రుతి ఏదో గొంతు ఏదో తెలియక, ఆతనికి భరింపరాని రొదగా మారును.

ఇది అతిశయోక్తియా? కొంతవరకే. లోచెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న ఒక చిన్న గొట్టము కలదు. దానిలోపల సుమారు 15,000 రోమకణములు వరుసగా నిలిచి, ద్వారము దగ్గరనున్నవి కీచుధ్వనులకును, లోపలి కొసనున్నవి మంద్రధ్వనులకును స్పందించును. ఆ కణములు చచ్చినచో ధ్వని ప్రవేశించినను నాడికి కబురు అందదు. ఇంప్లాంటు ఆ కణములను దాటివేసి నేరుగా నాడిని విద్యుత్తుతో తట్టిలేపును: చెవి వెనుకనున్న పెట్టె ధ్వనిని విని విభజించును, అయస్కాంతముతో తలకు అంటుకొన్న బిళ్ల ఆ సంకేతమును చర్మము క్రిందికి పంపును, అచ్చటినుండి నత్తగుల్లలోనికి దూర్చిన సన్నని తీగపైనున్న విద్యుద్బిందువులు నాడిని ప్రేరేపించును. ఆస్ట్రేలియా దేశీయుడైన గ్రేమ్ క్లార్క్, ఆ తీగను చుట్లు తిరిగిన గొట్టములోనికి ఎట్లు పంపవలెనో తోచక, సముద్రతీరమున కూర్చుండి ఒక గుల్లలోనికి గడ్డిపరకలను దూర్చి చూచెను. కొన మెత్తగను మొదలు గట్టిగను ఉన్న పరక సులభముగా చుట్లు తిరిగి లోనికి పోయెను. 1978లో మెల్బోర్న్‌లో ఆయన బృందము తొలిరోగికి అమర్చిన తీగ వెనుక ఈ గడ్డిపరక కథ కలదు.

నేడు వాడుకలోనున్న పరికరములలో ఎక్కువగా 22 విద్యుద్బిందువులు ఉండును. పదిహేనువేల కణముల పనిని ఇరువదిరెండు బిందువులు చేయుట ఎట్లుండునో తెలియవలెనన్నచో వీణను, హార్మోనియమును ప్రక్కప్రక్కన పెట్టి వినవలెను. వీణతీగపై వ్రేలు జారుచుండగా ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు మధ్యనున్న దారి అంతయు వినబడును; గమకము పుట్టునది ఆ దారిలోనే. హార్మోనియము మెట్టునుండి మెట్టునకు దుమికేగాని పోలేదు. పద్యనాటకములో రాగము తీయుటకు ఆ మెట్లే చాలుచున్నవి, ఏలయన మన చెవి మధ్యనున్న దారిని ఊహించుకొని పూరించుకొనును. ఇంప్లాంటు ఇంకను పేద హార్మోనియము: దేహములోని లవణజలమున విద్యుత్తు వ్యాపించుటవలన, ఒక మెట్టు నొక్కినచో ప్రక్కమెట్లును కలిసి మ్రోగును. మాటకు ఆ మెట్లు చాలును, మాటలో అర్థమును మోయునది చాలవరకు లయయు, స్థూలమైన ధ్వనిభేదములును గనుక. సంగీతమునకు చాలవు. డ్రమ్ములవాడైన రూబెన్‌కు లయ దక్కి, ప్రియురాలి పాట దక్కకపోవుట శాస్త్రరీత్యా సమంజసమే.

చిత్రము ఒకచోట మాత్రము అన్యాయము చేసినది. పరికరము పనిచేయసాగిన తొలిదినములనే చూపి కథను ముగించినది. వాస్తవమునకు ఆ గరగర వారములలో, నెలలలో మాటగా మారును. పరికరములో మార్పు స్వల్పము, మారునది మెదడు. చిన్నతనముననే అమర్చినచో ఆ మార్పు మరింత సులభము, అందుచేతనే మన రాష్ట్రములలో ప్రభుత్వ ఆరోగ్యపథకముల క్రింద పసిపిల్లలకు ఈ శస్త్రచికిత్స చేయుచు, తరువాత చాలకాలము వినుటయు పలుకుటయు నేర్పు శిక్షణ ఇచ్చుచున్నారు. అయితే అదే చిత్రములో జో అను బధిరాశ్రమ నిర్వాహకుడు అడుగు ప్రశ్నకు శిక్షణ జవాబు కాదు. సైగలభాషలో నిండుగా బ్రతుకువారికి చెవుడు మరమ్మతు చేయవలసిన లోపమేనా యని ఆతని వాదము. సంయోగమును కాదనుకొను హక్కు కూడ మనిషికి ఉండవలెనని చెప్పు పాత్రలు ఈ తరహా చిత్రములలో అరుదు.

ఎక్కని జ్ఞాపకము, తిరుగబడని చిప్పు

ఇక ఇస్మార్ట్ శంకరు తలకు వత్తము. జ్ఞాపకములు ఒకచోట వ్రాసిపెట్టబడినవనియు, వ్రాతకు నకలు తీయవచ్చుననియు సినిమా నమ్మకము. 1995 నాటి ‘జానీ నెమోనిక్’లో కీనూ రీవ్స్ తన బాల్యస్మృతులను తుడిపించుకొని, ఆ ఖాళీలో ఇతరుల రహస్యములను 320 గిగాబైట్ల మేర మోసికొని తిరుగును; కథాకాలము 2021. నేటి కొన్ని సెల్‌ఫోనులలో అంతకంటె ఎక్కువ చోటున్నదని నవ్వుకొనవచ్చును గాని, చిత్రములోని అసలు పొరపాటు సంఖ్యలో లేదు. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్కటి వేలకొలది ఇతరకణములతో అంటుకొనియుండును. ఒక సంఘటన జరిగినప్పుడు కొన్ని అంట్లు బలపడును, కొన్ని సడలును. జ్ఞాపకమనునది ఆ బిగింపుల కూర్పు. ఇద్దరి మెదడులలో ఆ అల్లిక ఒకటిగా ఉండదు గనుక, పోలీసు అధికారి తలలో ప్రియురాలి ముఖమైన కూర్పునకు శంకరు తలలో ఏ అర్థమును ఉండదు.

2013లో సుసుము తొనెగవా ప్రయోగశాలలో చుంచుతలలో అబద్ధపు జ్ఞాపకమును నాటిరని పత్రికలు వ్రాసినవి. చుంచు ఒక పెట్టెలో తిరుగుచున్నప్పుడు మేల్కొనిన కణములను గుర్తుపెట్టి, మరియొక పెట్టెలో వాటిని వెలుతురుతో తట్టిలేపుచు పాదములకు విద్యుత్తు తగిలింపగా, ఆ చుంచు తనకెన్నడును దెబ్బతగులని మొదటి పెట్టెను చూచి భయముతో బిగిసిపోయెను. వింతయే. కాని లేపబడిన కణములు ఆ చుంచువే, ఆ స్మృతి ముడిసరుకు దానిదే. 2018లో అమెరికాలో వేక్ ఫారెస్ట్ వైద్యకేంద్రమున మూర్ఛరోగుల మెదడులోని తీగల ద్వారా జ్ఞాపకశక్తిని మూడవవంతుకు పైగా పెంచినప్పుడు కూడ, తిరిగి పంపినవి ఆయా రోగుల సొంత సంకేతములే. కనుక మొదట అడిగిన ప్రశ్నకు జవాబు: ఎక్కింపలేము, దానికి తగిన యంత్రము దొరకకపోవుట ఆ చిక్కులో చిన్నభాగము మాత్రమే.

మెదడులోని చిప్పు మనిషిని తోలుబొమ్మను చేయునా యను భయమును 2018లో లీ వానెల్ తీసిన ‘అప్‌గ్రేడ్’ చక్కగా వాడుకొన్నది. మెడ దిగువన దేహమంతయు పడిపోయిన గ్రే అను మెకానిక్కునకు స్టెమ్ అను చిప్పు అమర్చగా, ఆతడు లేచి నడచును. చిప్పు చెవిలో మాటలాడును, దేహమును నడుపుటకు మొదట అనుమతి అడుగును, చివరకు అడుగుట మానును. ఐదేండ్ల తరువాత, 2023లో, లోజాన్‌లో గ్రెగ్వార్ కూర్టీన్, జోస్లిన్ బ్లాక్ బృందము ఈ కథకు అద్దములోని ప్రతిబింబము వంటి ఫలితమును ప్రకటించెను. సైకిలు ప్రమాదమున మెడదగ్గర వెన్నుపాము దెబ్బతిన్న ఒక నెదర్లాండ్స్ దేశీయుని మెదడుపైన సంకల్పమును గ్రహించు పలకలను, వెన్నుపామున నాడులను ప్రేరేపించు మరియొక పరికరమును అమర్చి, రెంటిని గాలిలో సంకేతములతో కలిపిరి. ఆతడు నిలిచెను, నడచెను, మెట్లెక్కెను. కొంతకాలమునకు పరికరమును ఆపివేసినప్పుడు కూడ, చేతికఱ్ఱల ఊతతో కొన్ని అడుగులు వేయగలిగెను. యంత్రము తట్టుచుండగా మిగిలిన నాడులు తమంతట తాము పని నేర్చుకొన్నవి. సినిమాలో దినదినము బలపడినది చిప్పు, లోజాన్‌లో బలపడినది రోగి.

తాళపుచెవి ఎవరి మొలలో నున్నది?

ఇంతవరకు సినిమాను తప్పుపట్టుటయే ఎక్కువైనది. జపానులో షిన్య త్సుకమొటో తీసిన ‘టెట్సువో’, కెనడాలో క్రోనెన్‌బర్గ్ తీసిన ‘వీడియోడ్రోమ్’ వంటి చిత్రములు భయమును గొప్పగా పట్టుకొన్నవే గాని యంత్రమునుగూర్చి వాటివలన తెలియునది స్వల్పము. ‘రోబోకాప్’ సంగతి వేరు.

ఎడ్వర్డ్ న్యూమైయర్, మైకేల్ మైనర్ వ్రాయగా, పాల్ వెర్హోవెన్ 1987లో తీసిన ఆ చిత్రమును తుపాకుల సినిమాగా చూచి మరచినవారే ఎక్కువ. డెట్రాయిట్‌లో కాల్పులకు గురియైన మర్ఫీ అను పోలీసు దేహమును ఒక వ్యాపారసంస్థ యంత్రదేహముగా మార్చును. ఆ దృశ్యమంతయు మర్ఫీ కండ్లలోనుండి చూపబడును: పైన వంగిన ముఖములు, దీపములు, మధ్యమధ్య గీతలు పడు తెర. ఒక చేతిని కాపాడగలిగితిమని వైద్యులు సంతోషముతో చెప్పుదురు. సంస్థ అధికారి మోర్టన్, మొత్తము దేహము కృత్రిమముగా ఉండవలెనని ముందే అనుకొంటిమిగదా యని, ఆ చేతిని తీసివేయుడని ఆజ్ఞాపించును. చనిపోయినవాడు గనుకను, ఉద్యోగములో చేరినప్పుడే కాగితములపై సంతకము పెట్టినాడు గనుకను, చట్టమువలన చిక్కులేదని సంస్థవారు తేల్చుకొందురు. బాగుగానున్న చేయి పోయినది యంత్రపు క్రూరత్వమువలన కాదు, ఒప్పందపత్రమువలన. మర్ఫీ తలలో మూడు ఆజ్ఞలు అందరికి తెలియునట్లు వ్రాయబడియుండగా, నాలుగవది దాచబడియుండును: సంస్థ పెద్దలను బంధింపబోయినచో దేహము స్తంభించును. నేరస్థుడైన డిక్ జోన్స్‌ను ఉద్యోగమునుండి తొలగించినట్లు ముసలి అధ్యక్షుడు ప్రకటించిన మరుక్షణమునగాని మర్ఫీ చేయి లేవదు. ఇనుములో చిక్కిన ఆత్మనుగూర్చి ఎందరో తీసిరి. ఆ ఇనుము దస్తావేజు ఎవరి పేర నున్నదని అడిగినవారు వీరు.

మమొరు ఒషీ 1995లో తీసిన ‘గోస్ట్ ఇన్ ది షెల్’లో కూడ ఈ మాట ఒకసారి వినబడును. మెదడు తప్ప అన్ని అంగములు కృత్రిమములైన మొటోకో కుసనగి, తాము ప్రభుత్వోద్యోగము మానినచో దేహమును, దానితోపాటు అందులోని స్మృతులను తిరిగి అప్పగింపవలసియుండునని సహచరునితో పడవపై కూర్చుండి చెప్పును. ఆ చిత్రముపై వచ్చిన వ్యాఖ్యానములు ఆత్మ, చైతన్యము అను మాటలచుట్టునే తిరుగును. ఈ సేవానిబంధన వారి కంట అంతగా పడలేదు.

పరిశోధనాసంస్థలనుండి పరికరములు అంగడికి వచ్చిన తరువాత ఆ నిబంధనయే ముఖ్యమైనది. కాలిఫోర్నియాలోని సెకండ్ సైట్ అను సంస్థ, కంటిలోని దృష్టిపటలము చెడి చూపు పోయినవారికొరకు ఆర్గస్ 2 అను పరికరమును చేసినది. కండ్లజోడుపై నున్న కెమెరా చూచిన దృశ్యమును నడుమునకు కట్టుకొన్న పెట్టె సంకేతములుగా మార్చగా, కంటిలోపల అతికించిన 60 విద్యుద్బిందువులు దానిని మెరుపులుగా చూపును. ముఖము కనబడదు గాని గుమ్మము ఎక్కడనున్నదో, ఎదుట మనిషి కదలినాడో తెలియును. 2013లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. లోకమంతట 350 మందికి పైగా దానిని పెట్టించుకొనిరి. 2019లో సంస్థ ఆ పరికరమును చేయుట మానినది, 2020లో ఉద్యోగులలో ఎక్కువమందిని పంపివేసినది. పరికరము చెడినవారు మారుభాగములకొరకు వైద్యులను, తోటిరోగులను అడుగుకొనవలసివచ్చినది. అంతకు ముందే న్యూయార్కు భూగర్భరైలు స్టేషనులో నడుచుచున్న ఒక స్త్రీకి పెట్టెనుండి చిన్న కూత వినబడి, ఆ కొద్దిపాటి వెలుతురు కూడ ఆరిపోయినది, మరల రాలేదు. తీసివేయుటకు మరియొక శస్త్రచికిత్స కావలెను. తీసివేయనిచో, రేపు మరియొక రోగమునకు పెద్ద అయస్కాంతముతో స్కానింగు చేయవలసివచ్చినప్పుడు, కంటిలోని ఈ లోహపు ముక్కనుగూర్చి వైద్యుడు ఎవరిని అడుగవలెనో తెలియదు.

‘రోబోకాప్’ వ్రాసినవారు దుర్మార్గపు సంస్థను ఊహించిరి. లాభము చాలక అంగడి కట్టివేసికొను సంస్థ, రోగి కంటిలోని తన సరుకును అక్కడనే వదలిపోవునని ఊహింపలేదు. 2022లో సెకండ్ సైట్ మందుల పరికరములు చేయు మరియొక సంస్థతో కలిసిపోయినది. ఈ కథను ఇంతవరకు ఎవరును పెద్దతెరకు ఎక్కించినట్లు లేదు. పట్టుకొని కొట్టుటకు ప్రతినాయకుడు దొరకడు, పోరాటఘట్టమునకు చోటులేదు, మారుభాగముకొరకు ఫోను చేయుచున్న గ్రుడ్డివానితో విరామమువరకు కథ నడుపుట కష్టమని నిర్మాతలు జంకుట సహజము.